హోస్ట్, గెస్ట్ ట్రేస్‌లను ఒకే టైమ్‌లైన్‌పై పెట్టాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి?

హోస్ట్ అంటే అసలు మెషీన్, గెస్ట్ అంటే దాని మీద నడిచే వర్చువల్ మెషీన్. లోపల ఏది ఎప్పుడు జరిగిందో వరుసగా నమోదు చేసేది ట్రేస్. గెస్ట్‌లో ఒక డిస్క్ రిక్వెస్ట్ ఆలస్యమైంది. గెస్ట్ ట్రేస్‌లో అది 312వ సెకనులో బయలుదేరింది, ఎనిమిది మిల్లీసెకన్ల తరవాత జవాబు వచ్చింది. మధ్యలో ఏమైందో ఆ ట్రేస్‌కు తెలియదు. హోస్ట్ ట్రేస్‌లో మాత్రం రెండు అనుమానాలు కనిపిస్తున్నాయి: ఒకచోట షెడ్యూలర్ వీసీపీయూ (గెస్ట్‌కు ఇచ్చిన వర్చువల్ ప్రాసెసర్) థ్రెడ్‌ను పక్కన పెట్టింది, ఇంకోచోట డిస్క్ నెమ్మదించింది. అయితే ఆ రెండూ 2,712వ సెకనులో ఉన్నాయి. గెస్ట్ గడియారం తాను బూట్ అయిన క్షణం నుంచి లెక్కపెడుతోంది, హోస్ట్ గడియారం తన బూట్ నుంచి. రెండు ట్రేస్‌లనూ ఒకే గీత మీదకు తెచ్చేదాకా అసలు దోషి ఎవరో తేలదు.

ఇక్కడ చాలామంది ముందుగా చేసే పని రెండు చోట్లా ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసే పద్ధతి) ఆన్ చేయడం. పని మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ట్రేసింగ్‌కు రెండు గడియారాలూ ఒకే టైమ్ చూపించనక్కర్లేదు. ఒకదాని రీడింగ్ నుంచి ఇంకోదాని రీడింగ్‌కు వెళ్లే లెక్క తెలిస్తే చాలు. కాకపోతే ట్రేస్ నడిచినంతసేపూ ఆ లెక్క నిలకడగా ఉండాలి. గడియారాన్ని సరిచేస్తూ పోయే పద్ధతులు ఈ నిలకడనే దెబ్బతీస్తాయి. కింది పద్ధతుల్లో ఏది ఎవరికి నప్పుతుందో చాలావరకు దీన్నిబట్టే తేలిపోతుంది.

## ముందు చూసుకోవాల్సినవి

ఎంత పొరపాటును భరించగలరు? వీసీపీయూ గెస్ట్‌లోంచి బయటికొచ్చి, హోస్ట్ చిన్న పని చేసి, మళ్లీ లోపలికెళ్లడానికి ఒక మైక్రోసెకను, మహా అయితే కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. ఒక గెస్ట్ ఈవెంట్ ఏ ఎగ్జిట్‌కు (అలా బయటికి రావడానికి) ముందు జరిగింది, దేని తరవాత జరిగింది అని తేల్చాలంటే పొరపాటు అంతకంటే బాగా తక్కువ ఉండాలి. పైన చెప్పిన ఎనిమిది మిల్లీసెకన్ల లాంటి ఆలస్యానికి యాభై మైక్రోసెకన్ల తేడా వచ్చినా నష్టం లేదు. అందుకే మీ ప్రశ్నలో అతి చిన్న వ్యవధి ఎంతో ముందే కాగితం మీద రాసుకోండి.

రెండు గడియారాలూ ఒకే వేగంతో నడుస్తున్నాయా? మొదట్లో తేడా ఎంతో కొలిస్తే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ టిక్కులను నానోసెకన్లుగా మార్చే గుణకం హోస్ట్‌కు వేరు, గెస్ట్‌కు వేరు. వాటి మధ్య పది లక్షల్లో ఒక వంతు తేడా ఉన్నా సెకనుకు ఒక మైక్రోసెకను చొప్పున ట్రేస్‌లు విడిపోతాయి, నిమిషం గడిచేసరికి 60 మైక్రోసెకన్లవుతుంది. మొదట్లో చక్కగా సరిపోయిన ట్రేస్ చివరికొచ్చేసరికి తేడాగా ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

హోస్ట్ మీద మీకు రూట్ హక్కు ఉందా? లేకపోతే హోస్ట్ ట్రేసే తీయలేరు కాబట్టి సింక్ ప్రశ్నే రాదు. అద్దె గెస్ట్‌లో ఉన్నవాళ్లు ప్రాక్ స్టాట్ ఫైల్‌లోని స్టీల్ టైమ్ (హోస్ట్ వేరే పనికి ఇచ్చేయడంతో గెస్ట్ కోల్పోయిన ప్రాసెసర్ సమయం) చూసుకోవడం దగ్గర ఆగాల్సిందే.

సింక్ చేసే పని కొలతను పాడుచేస్తుందా? గెస్ట్‌కూ హోస్ట్‌కూ మధ్య పంపే ప్రతి సందేశం కొత్త ఎగ్జిట్‌లను, ఇంటరప్ట్‌లను పుట్టిస్తుంది. అవి కూడా ట్రేస్‌లో పడతాయి.

ప్రాసెసర్ ఎక్స్86 జాతిదా, ఆర్మ్‌దా అన్నదీ, ట్రేస్ మధ్యలో గెస్ట్ ఆగకుండానే ఇంకో మెషీన్‌కు మారే (లైవ్ మైగ్రేట్ అయ్యే) వీలుందా అన్నదీ కూడా చూసుకోవాలి.

## ఒక్క చూపులో

పట్టికలోని పేర్లు ఇవి: కేవీఎం లైనక్స్‌లో గెస్ట్‌లను నడిపే భాగం, పీటీపీ గడియారాల తేడాను కచ్చితంగా కొలిచే పద్ధతి, క్రోనీ గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్, ట్రేస్-సీఎండీ ట్రేస్‌లు తీసే సాధనం, వీసాక్ హోస్ట్, గెస్ట్ నేరుగా మాట్లాడుకునే దారి, టీఎస్‌సీ ఎక్స్86 ప్రాసెసర్ లోపల టిక్కులు లెక్కపెట్టే కౌంటర్.

| పద్ధతి | ఆశించదగ్గ కచ్చితత్వం | మధ్యలో నిలకడ | ఏం కావాలి | ఎవరికి |
|---|---|---|---|---|
| నెట్‌వర్క్ ఎన్‌టీపీ | పదుల మైక్రోసెకన్ల నుంచి మిల్లీసెకన్ల దాకా | లేదు, గడియారాన్ని నెడుతూనే ఉంటుంది | నెట్‌వర్క్ ఉంటే చాలు | గంటల తరబడి లాగ్‌లు పోల్చేవాళ్లకు |
| పీటీపీ-కేవీఎం, క్రోనీ | సాధారణంగా మైక్రోసెకను లోపు | ఓ మోస్తరు | గెస్ట్‌లో మాడ్యూల్, కేవీఎం హోస్ట్ | చాలా గెస్ట్‌లను నడిపేవాళ్లకు |
| ట్రేస్-సీఎండీ పీటీపీ | మైక్రోసెకన్లు, లోడ్‌ను బట్టి | మధ్యమధ్య కొలిస్తే బాగుంటుంది | వీసాక్ లేదా నెట్‌వర్క్, గెస్ట్‌లో ఏజెంట్ | ఆర్మ్ మీద పనిచేసేవాళ్లకు |
| టీఎస్‌సీ నేరు మార్పిడి | నానోసెకన్ల స్థాయి | చాలా బాగుంటుంది | ఎక్స్86, నిలకడైన టీఎస్‌సీ, హోస్ట్‌పై రూట్ | ఎగ్జిట్ స్థాయిలో చూసేవాళ్లకు |
| ఈవెంట్ల జత కలపడం | జతల సంఖ్యను బట్టి | తరవాత లెక్కకట్టొచ్చు | రెండువైపులా పోల్చదగ్గ ఈవెంట్లు | ట్రేస్ ఇప్పటికే తీసేసినవాళ్లకు |

## నెట్‌వర్క్ ఎన్‌టీపీ

ఎన్‌టీపీ రోజువారీ పనికి మంచిదే, ట్రేసింగ్‌కు మాత్రం పనికొచ్చేది తక్కువ. సందేశం వెళ్లడానికీ రావడానికీ సమాన సమయం పడుతుందన్న ఊహ మీద అది నడుస్తుంది. వర్చువల్ నెట్‌వర్క్ కార్డ్‌లో ఆ ఊహ తరచూ తప్పుతుంది, ఎందుకంటే జవాబు వచ్చే సమయానికి వీసీపీయూ నడుస్తూ ఉండకపోవచ్చు.

దీన్ని మించిన ఇబ్బంది ఇంకోటుంది. తేడా కనిపించినప్పుడు ఎన్‌టీపీ గడియారాన్ని కొంచెం వేగంగానో నెమ్మదిగానో నడిపిస్తుంది. ఎన్‌టీపీ సవరణకు లైనక్స్ కర్నెల్ ఇచ్చే హద్దు 500 పీపీఎం, అంటే సెకనుకు 500 మైక్రోసెకన్ల దాకా. హోస్ట్‌లో ఒక డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్), గెస్ట్‌లో ఇంకో డీమన్ ఎవరి దారిన వాళ్లు ఈ సవరణ చేస్తుంటే రెండు ట్రేస్‌ల మధ్య లెక్క క్షణక్షణం మారుతుంది. లైనక్స్ కర్నెల్‌లోని ట్రేసర్ ఎఫ్‌ట్రేస్‌లో "మోనో" క్లాక్ ఈ సవరణకు లోబడేదే. "మోనో రా" లోబడదు. తెలియక "మోనో" ఎంచుకుని, తేడా ఎందుకొస్తోందో అని వెతుక్కునేవాళ్లు చాలామంది.

"గెస్ట్‌లో కేవీఎం-క్లాక్ ఉంది కదా, ఇక సింక్ ఎందుకు" అని అడిగేవాళ్లూ ఉన్నారు. గెస్ట్ తన సమయాన్ని తక్కువ ఖర్చుతో లెక్కకట్టుకోవడానికి హోస్ట్ ఒక మెమరీ పేజీలో గుణకాలు రాసి పెడుతుంది. కేవీఎం-క్లాక్ చేసే పని అదే. దాని మీద గెస్ట్ తన సొంత ఎన్‌టీపీ సవరణను పేరుస్తుంది. కాబట్టి ట్రేస్‌లు వాటంతటవే కలుస్తాయనుకోకూడదు.

## పీటీపీ-కేవీఎం

లైనక్స్ 4.11తో 2017లో వచ్చింది ఈ మాడ్యూల్. గెస్ట్‌లో లోడ్ చేస్తే ఒక పీటీపీ గడియారం పరికరంలా కనిపిస్తుంది, క్రోనీకి దాన్ని రిఫరెన్స్ క్లాక్‌గా ఇస్తే సరిపోతుంది. లోపల జరిగేది ఒక హైపర్‌కాల్ (గెస్ట్ హోస్ట్‌ను అడిగే పిలుపు): ఫలానా టీఎస్‌సీ విలువ దగ్గర హోస్ట్ గోడ గడియారం (తేదీ, టైమ్ చెప్పేది) ఇంత చూపించింది అని హోస్ట్ జతగా చెబుతుంది. రెండు విలువలూ ఒకే క్షణానివి, సందేశం రాకపోకల అసమానత ఇందులో చేరదు. అందుకే ఎన్‌టీపీ కంటే ఎంతో మెరుగు. ఎక్స్86లో హోస్ట్ కూడా టీఎస్‌సీనే క్లాక్‌సోర్స్‌గా (కర్నెల్ సమయం లెక్కించే ఆధారంగా) వాడుతుంటేనే ఇది పనిచేస్తుందని గుర్తుంచుకోండి. ఆర్మ్64కు తరవాతి కర్నెల్‌లలో చేర్చారు.

వందల గెస్ట్‌లు నడిపేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఒకసారి పెట్టేస్తే లాగ్‌లు, అప్లికేషన్ స్పాన్‌లు, ట్రేస్‌లు అన్నీ ఒకే టైమ్‌లో ఉంటాయి, ప్రతి ట్రేస్‌కూ కొత్తగా ఏర్పాట్లు చేయనక్కర్లేదు.

చిక్కు ట్రేసర్ వాడే క్లాక్ దగ్గర వస్తుంది. పీటీపీ-కేవీఎం కలిపేది గోడ గడియారాన్ని. ఎఫ్‌ట్రేస్ మాత్రం మామూలుగా "లోకల్" క్లాక్‌తో నడుస్తుంది, దానికి గోడ గడియారంతో సంబంధం లేదు. ఎఫ్‌ట్రేస్‌లో గోడ గడియారానికి దగ్గరగా ఉన్నది "టాయ్" క్లాక్, అంటే అంతర్జాతీయ అణు సమయం. అది 2017 నుంచి యూటీసీ కంటే 37 సెకన్లు ముందుంది. అయితే ఆ 37 అన్న అంకె కర్నెల్‌కు ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పకపోతే సున్నాగానే ఉంటుంది. హోస్ట్‌లో డీమన్ చెప్పి, గెస్ట్‌లో చెప్పకపోతే రెండు ట్రేస్‌లూ సరిగ్గా 37 సెకన్ల దూరంలో పడతాయి. ఆ అంకె కనిపిస్తే ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

ఎల్‌టీటీఎన్‌జీ (ఇంకో లైనక్స్ ట్రేసర్) వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. అది మామూలుగా మోనోటానిక్ (ఎప్పుడూ ముందుకే నడిచే) క్లాక్‌తోనే టైమ్‌స్టాంప్‌లు వేస్తుంది, గోడ గడియారంతో దానికున్న తేడాను మెటాడేటాలో రాసుకుంటుంది. ట్రేస్ మధ్యలో క్రోనీ గోడ గడియారాన్ని ఒక్కసారిగా దూకిస్తే ఆ సంగతి టైమ్‌స్టాంప్‌లకు తెలియదు. కాబట్టి క్రోనీ స్థిరపడ్డాకే సెషన్ మొదలుపెట్టాలి.

## ట్రేస్-సీఎండీలోని పీటీపీ

గెస్ట్‌లో ట్రేస్-సీఎండీ ఏజెంట్ నడిపి, హోస్ట్‌లో రికార్డ్ చేసేటప్పుడు గెస్ట్ పేరు ఇస్తే రెండు ట్రేస్‌లూ ఒకేసారి మొదలవుతాయి. మధ్యలో మాట్లాడుకోవడానికి వీసాక్ వాడితే నెట్‌వర్క్ సెట్టింగులతో పని ఉండదు. ఈ ఏజెంట్ మామూలుగా 823వ పోర్ట్ మీద వింటుంది.

ఇందులోని పీటీపీ పద్ధతి పేరుకు తగ్గట్టే పీటీపీ ప్రమాణమైన ఐఈఈఈ 1588 ఆలోచన మీద నడుస్తుంది: సందేశం వెళ్లిన, చేరిన, తిరిగి బయలుదేరిన, తిరిగి వచ్చిన సమయాలను బట్టి తేడా లెక్కకడుతుంది. నాకు ఇందులో బాగా నచ్చింది ఒకటుంది. సమయాలను వేరే గడియారం నుంచి చదవకుండా, ట్రేస్ బఫర్‌లోనే గుర్తులు రాసి, వాటికి పడ్డ టైమ్‌స్టాంప్‌లను వాడుతుంది. కాబట్టి మీరు ఏ ట్రేస్ క్లాక్ ఎంచుకున్నా కొలిచేది ఆ క్లాక్‌నే. ప్రాసెసర్ ఏదైనా పనిచేయడానికి కారణమూ ఇదే.

బలహీనత మాత్రం ఎన్‌టీపీదే. వెళ్లేటప్పుడు 10 మైక్రోసెకన్లు, వచ్చేటప్పుడు 30 పడితే, తేడాలో సగం, అంటే 10 మైక్రోసెకన్లు పొరపాటుగా లెక్కలోకి చేరుతుంది. చాలా సందేశాలు పంపి వాటిలోంచి మంచి కొలతను ఏరుకుంటుంది కాబట్టి మామూలు వేళల్లో ఇంత దూరం పోదు. హోస్ట్ నిండా లోడ్ ఉన్నప్పుడు పోతుంది, మనం ట్రేస్ తీసేదేమో ఎక్కువగా అలాంటప్పుడే.

కొలతల మధ్య విరామాన్ని మిల్లీసెకన్లలో ఇవ్వొచ్చు. సున్నా ఇస్తే మొదట ఒకసారి, చివర ఒకసారి కొలుస్తుంది. రెండు మూడు సెకన్ల ట్రేస్‌కు అది చాలు. నిమిషాల తరబడి నడిచేదైతే ఒక సెకను విరామం ఇవ్వండి, అప్పుడు వేగాల్లో తేడా కూడా లెక్కకు వస్తుంది. మరీ తగ్గిస్తే సింక్ సందేశాలే ట్రేస్‌ను నింపేస్తాయి.

## టీఎస్‌సీ నుంచి నేరుగా

ఎక్స్86 మీద, కేవీఎంతో, హోస్ట్ మీ చేతిలో ఉంటే నా ఓటు దీనికే. ఇందులో కొలిచేదంటూ ఏమీ లేదు, ఉన్న లెక్కను చదువుకోవడమే.

గెస్ట్ టీఎస్‌సీ చదివినప్పుడు ప్రాసెసర్ తనంతట తానే హోస్ట్ టీఎస్‌సీకి ఒక ఆఫ్‌సెట్ కలిపి ఇస్తుంది. స్కేలింగ్ ఉంటే ముందు ఒక నిష్పత్తితో గుణిస్తుంది:

గెస్ట్ టీఎస్‌సీ = హోస్ట్ టీఎస్‌సీ × నిష్పత్తి + ఆఫ్‌సెట్

ఈ అంకెలను కేవీఎం దాచుకోదు. హోస్ట్‌లో డీబగ్‌ఎఫ్‌ఎస్ (కర్నెల్ లోపలి వివరాలు ఫైళ్లుగా కనిపించే చోటు) కింద కేవీఎం డైరెక్టరీలో, ఒక్కో గెస్ట్‌కు, ఒక్కో వీసీపీయూకు వేరువేరుగా ఆఫ్‌సెట్, స్కేలింగ్ నిష్పత్తి, ఆ నిష్పత్తిలో భిన్నానికి ఎన్ని బిట్లు అన్నది కనిపిస్తాయి. ఇంటెల్‌లో భిన్నం 48 బిట్లు, ఏఎండీలో 32.

మొదట చెప్పిన ఉదాహరణనే తీసుకోండి. హోస్ట్ టీఎస్‌సీ 3 గిగాహెర్ట్జ్‌తో నడుస్తోంది, హోస్ట్ లేచిన 40 నిమిషాలకు గెస్ట్ బూట్ అయింది. గెస్ట్ టీఎస్‌సీ సున్నా దగ్గర మొదలయ్యేలా కేవీఎం ఆఫ్‌సెట్ పెడుతుంది కాబట్టి అది సుమారు మైనస్ 7.2 లక్షల కోట్ల టిక్కులుంటుంది. నిష్పత్తి 1 అయితే గెస్ట్ టైమ్‌స్టాంప్‌లోంచి ఆ ఆఫ్‌సెట్ తీసేస్తే చాలు, హోస్ట్ టైమ్‌స్టాంప్ వచ్చేస్తుంది. ఒక టిక్కు అంటే నానోసెకనులో మూడో వంతు. అంచనా అనేది ఎక్కడా లేదు. హోస్ట్, గెస్ట్ రెండూ అడుగున ఒకే కౌంటర్‌ను చదువుతున్నాయి కాబట్టి వేగంలో తేడా వచ్చే దారి కూడా లేదు.

దీనికి రెండు వైపులా ట్రేస్ క్లాక్‌ను "ఎక్స్86-టీఎస్‌సీ"కి మార్చాలి. క్లాక్ మార్చగానే ట్రేస్ బఫర్ ఖాళీ అయిపోతుంది, అందుకని రికార్డింగ్‌కు ముందే మార్చుకోండి. ట్రేస్-సీఎండీ అయితే డీబగ్‌ఎఫ్‌ఎస్ అంకెలను తానే చదువుకుంటుంది. టిక్కులు చదవడం కష్టమనిపిస్తే నానోసెకన్లుగా మార్చి చూపించే ఎంపిక కూడా అందులో ఉంది. ట్రేస్‌లను బొమ్మగా చూపే కర్నెల్‌షార్క్‌లో రెండు ఫైళ్లనూ కలిపి తెరిస్తే ఒక్కో వీసీపీయూ, దాన్ని నడిపే హోస్ట్ థ్రెడ్ పక్కపక్కన కనిపిస్తాయి.

పెర్ఫ్ (లైనక్స్‌లో పనితీరు కొలిచే సాధనం) వాడేవాళ్లకూ ఇదే దారి. గెస్ట్‌లో తీసిన డేటాను హోస్ట్ డేటాలోకి ఇంజెక్ట్ చేసేటప్పుడు టైమ్ ఆఫ్‌సెట్, స్కేల్ ఇవ్వొచ్చు. టీఎస్‌సీ ఆఫ్‌సెట్ అక్కడ పనికిరావాలంటే గెస్ట్‌ను కేవీఎం-క్లాక్ లేకుండా బూట్ చేయాల్సి ఉంటుంది.

ఎక్కడ తేడా కొడుతుంది? ప్రాసెసర్ ఫ్లాగుల్లో "కాన్‌స్టంట్ టీఎస్‌సీ", "నాన్‌స్టాప్ టీఎస్‌సీ" రెండూ ఉండాలి. హోస్ట్ కర్నెల్ టీఎస్‌సీని నమ్మలేక వేరే క్లాక్‌సోర్స్‌కు మారిపోతే ఈ పద్ధతి మీదా నమ్మకం పెట్టుకోవద్దు. గెస్ట్ తానే టీఎస్‌సీలోకి రాసినా, లైవ్ మైగ్రేషన్ జరిగినా ఆఫ్‌సెట్ మారుతుంది. ఆ మార్పును పట్టుకోవడానికి కేవీఎంలో "రైట్ టీఎస్‌సీ ఆఫ్‌సెట్" అనే ట్రేస్‌పాయింట్ ఉంది, పాత విలువ, కొత్త విలువ రెండూ చెబుతుంది. హోస్ట్ వైపు దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి, ఖర్చేమీ లేదు.

ఆర్మ్‌లో సూత్రం ఇలాంటిదే. వర్చువల్ కౌంటర్ అంటే ఫిజికల్ కౌంటర్‌లోంచి ఒక ఆఫ్‌సెట్ తీసివేయగా వచ్చేది, ఇక్కడ గుర్తు తారుమారన్నమాట. కానీ ఎక్స్86-టీఎస్‌సీ లాంటి ట్రేస్ క్లాక్ ఆర్మ్‌కు లేదు. పైగా కొన్ని బోర్డుల్లో కౌంటర్ 24 మెగాహెర్ట్జ్‌తోనే నడుస్తుంది, అంటే ఒక్కో టిక్కు దాదాపు 42 నానోసెకన్లు. ఆర్మ్ మీద ఉన్నవాళ్లు పీటీపీతో సర్దుకోవడం మేలు.

## ఈవెంట్లతో ఈవెంట్లను జత కలపడం

ట్రేస్‌లు ఇప్పటికే తీసేశారు, సింక్ సమాచారం ఏదీ లేదు. అప్పుడు మిగిలిన దారి ఇదే. ఒకవైపు పంపిన ప్యాకెట్ ఇంకోవైపు అందకముందు పంపి ఉండాలి అన్న నియమం నుంచి ప్రతి జతా తేడాకు ఒక హద్దు ఇస్తుంది. అటు వెళ్లినవి ఒక హద్దు, ఇటు వచ్చినవి ఇంకో హద్దు. ట్రేస్ కంపాస్ అనే ట్రేస్ విశ్లేషణ సాధనం ఈ హద్దుల మధ్య నుంచి వెళ్లే గీతను కాన్వెక్స్ హల్ పద్ధతితో వెతుకుతుంది, తేడానూ వేగాన్నీ రెండిటినీ రాబడుతుంది. ఇందుకు రెండు దిశల్లోనూ జతలు సమృద్ధిగా కావాలి. ఒకే దిశలో ఉంటే ఒక వైపు హద్దే దొరుకుతుంది.

## మీ పరిస్థితికి ఏది

డ్రైవర్, హైపర్‌వైజర్ పని చేసేవాళ్లు ఎక్స్86లో టీఎస్‌సీ తప్ప ఇంకోటి ఆలోచించనక్కర్లేదు. సెటప్‌కు పెట్టిన సమయం మొదటి ట్రేస్‌లోనే తిరిగొస్తుంది. అప్లికేషన్ ఆలస్యాలు చూసేవాళ్లకు, ప్రశ్న మిల్లీసెకన్లలో ఉంటే, పీటీపీ-కేవీఎం హాయి.

ఒకే హోస్ట్ మీద రెండు గెస్ట్‌లను పోల్చాలంటే వాటిని నేరుగా కలపడానికి ప్రయత్నించకండి. ఒక్కోదాన్నీ హోస్ట్ టీఎస్‌సీలోకి మార్చండి, అవే కలుస్తాయి. రెండు హోస్ట్‌లు ఉంటే పని రెండు అంచెలు: ప్రతి హోస్ట్ లోపల టీఎస్‌సీ, హోస్ట్‌ల మధ్య హార్డ్‌వేర్ టైమ్‌స్టాంప్‌లున్న నెట్‌వర్క్ కార్డులతో పీటీపీ. మొత్తం కచ్చితత్వం ఆ రెండో అంచెదే అవుతుంది కాబట్టి శ్రద్ధంతా అక్కడే పెట్టాలి.

మైగ్రేషన్ జరిగే క్లస్టర్‌లో ట్రేస్ తీసేటప్పుడు వీలుంటే ఆ గెస్ట్‌ను కాసేపు ఒకే హోస్ట్‌కు కట్టిపడేయండి. అది కుదరకపోతే మైగ్రేషన్ దగ్గర ట్రేస్‌ను రెండు ముక్కలుగా చూడాలి.

## సరిపోయిందో లేదో చూసుకోవడం

ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ పరీక్ష వదలొద్దు. హోస్ట్‌లో కేవీఎం ఎంట్రీ, కేవీఎం ఎగ్జిట్ ఈవెంట్లను ఆన్ చేసి ఉంచండి. ఒక వీసీపీయూలో జరిగిన ప్రతి గెస్ట్ ఈవెంటూ ఆ వీసీపీయూ ఎంట్రీకీ దాని తరవాతి ఎగ్జిట్‌కూ మధ్యలోనే పడాలి. ఎగ్జిట్ తరవాత, మళ్లీ ఎంట్రీకి ముందు గెస్ట్ కోడ్ నడవడం అసాధ్యం. ఎంట్రీ ఈవెంట్ నిజంగా లోపలికి వెళ్లడానికి కాస్త ముందే నమోదవుతుంది, ఎగ్జిట్ ఈవెంట్ బయటికొచ్చాక కాస్త ఆగి నమోదవుతుంది. అంటే మనకు కనిపించే కిటికీ అసలుదానికంటే పెద్దది. దాన్ని కూడా దాటి ఒక ఈవెంట్ బయట పడిందంటే సింక్ తప్పిందనడంలో సందేహం లేదు.

బయట పడినవి ఎటు పడ్డాయో చూడండి. అన్నీ ఎగ్జిట్ దాటి కొద్ది దూరంలోనే ఉంటే గెస్ట్ టైమ్ ముందుకు జరిగిందని అర్థం, ఎంత దూరమో అదే మీ పొరపాటుకు కనీస హద్దు. ట్రేస్ మొదట్లో ఒక్కటీ లేకుండా చివర్లో గుంపుగా ఉంటే వేగాల్లో తేడా ఉంది, కొలతల మధ్య విరామం తగ్గించాలి. ఒకే వీసీపీయూలో మాత్రమే ఉంటే ఆ వీసీపీయూ ఆఫ్‌సెట్ మిగతావాటితో సమానంగా ఉందో లేదో డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో చూడండి. ఒక క్షణం దాకా అన్నీ బాగుండి, అక్కడి నుంచి అన్నీ ఒక్కసారిగా తప్పితే ఆ క్షణం దగ్గర రైట్ టీఎస్‌సీ ఆఫ్‌సెట్ ఈవెంట్ కోసం వెతకండి. అది కనిపిస్తే ముందు భాగానికి పాత విలువ, వెనక భాగానికి కొత్త విలువ వాడి ట్రేస్‌ను మళ్లీ కలపొచ్చు, కొత్తగా తీయనక్కర్లేదు.